48 గంటల సినిమా పోటీలో ఇచ్చిన పాత్ర, వస్తువు, డైలాగ్‌తో కథ కట్టడం ఎలా

శుక్రవారం సాయంత్రం మీ చేతిలో ఒక చీటీ పెడతారు. అందులో ఒక పాత్ర పేరు, ఆ పాత్ర చేసే పని, ఒక వస్తువు, ఒక డైలాగ్ ఉంటాయి. ఆదివారం సాయంత్రంలోగా ఆ మూడూ ఉన్న సినిమా తీసి ఇచ్చేయాలి. చీటీ చూడగానే చాలా టీమ్‌లు ఏం చేస్తాయంటే, ఎప్పటినుంచో మనసులో ఉన్న కథ ఒకటి బయటికి తీసి, అందులో ఈ మూడింటినీ ఎక్కడ ఇరికించాలా అని వెతుకుతాయి. వస్తువు టేబుల్ మీదకి వెళ్తుంది, పాత్ర ఒక ఫోన్ కాల్‌లో వచ్చి పోతుంది, డైలాగ్ దారిన పోయేవాడి నోట్లో పడుతుంది. రూల్ ప్రకారం ఇందులో తప్పు లేదు. కానీ హాల్లో కూర్చున్నవాళ్లు ఆ పూట చూసే ప్రతి సినిమాలోనూ అవే మూడు ఉంటాయి, అవి ఎప్పుడొస్తాయా అని కాచుకుని చూస్తుంటారు, కాబట్టి అతికించినది ఇట్టే దొరికిపోతుంది. కథ ఆ మూడింటిలోంచే పుట్టాలి అన్నది నా గట్టి నమ్మకం. అది ఎలాగో, పుట్టిన కథలో అవి చివరి ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ అయ్యాక బయటికి తీసే పూర్తి ఫైల్) దాకా చెక్కుచెదరకుండా ఎలా కాపాడుకోవాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను.

అసలు ఇవి ఎందుకు ఇస్తారు

ఈ రకం పోటీల్లో బాగా పేరున్నది 48 అవర్ ఫిల్మ్ ప్రాజెక్ట్. 2001లో వాషింగ్టన్ డీసీలో మార్క్ రూపర్ట్ అనే ఆయన మొదలుపెట్టాడు, తర్వాత ఎన్నో దేశాల నగరాలకి పాకింది. అక్కడ ఏ జానర్‌లో తీయాలన్నది లాటరీ, మీకు హారర్ వస్తే పక్క టీమ్‌కి కామెడీ రావచ్చు. పాత్ర, వస్తువు, డైలాగ్ మాత్రం ఆ నగరంలోని టీమ్‌లన్నిటికీ ఒకటే. నిడివి 4 నుంచి 7 నిమిషాలు, చివర్లో పేర్లకి విడిగా ఒక నిమిషం దాకా వదులుతారు. సై-ఫై లండన్ అనే ఫిల్మ్ ఫెస్టివల్ వాళ్లు నడిపే 48 గంటల పోటీలో సైన్స్ ఫిక్షన్ ఒక్కటే జానర్, టైటిల్ కూడా వాళ్లే ఇస్తారు. 2008లో అది గెలిచిన గారెత్ ఎడ్వర్డ్స్ ఆ తర్వాత 2014లో గాడ్జిల్లా, 2016లో రోగ్ వన్ డైరెక్ట్ చేశాడు.

ఇవ్వడానికి మొదటి కారణం సులువే: ముందే తీసి దాచుకున్న సినిమా తెచ్చి ఇవ్వకుండా ఇది అడ్డుకట్ట. రెండోది, నా దృష్టిలో ఇంకా పెద్దది. ఏమైనా తీయొచ్చు అంటే శుక్రవారం రాత్రంతా వాదనలతోనే తెల్లారుతుంది. ఒక నిచ్చెన, ఒక అనువాదకురాలు అని చెప్పారనుకోండి, బుర్ర వెంటనే పని మొదలుపెడుతుంది.

చీటీ రాకముందు తేల్చుకోవాల్సినవి

రూల్స్ కాగితం ఒక్కరు చదివి మిగతావాళ్లకి చెప్పడం చాలదు, డైరెక్టర్, రచయిత, ఎడిటర్ ముగ్గురూ విడివిడిగా చదవాలి. పోటీ పోటీకీ తేడాలుంటాయి కాబట్టి ఈ ప్రశ్నలకి జవాబులు నిర్వాహకుల దగ్గర ముందే, వీలైతే రాతపూర్వకంగా, తీసుకోండి. పాత్ర తెర మీద కనిపించాలా, గొంతు వినిపిస్తే చాలా? పేరు ఎవరైనా పలకాలా, లేక బ్యాడ్జి మీద కనిపిస్తే సరిపోతుందా? పాత్ర ఆడా మగా అన్నది మన ఇష్టమేనా? వస్తువు అసలుదే ఉండాలా, బొమ్మ గీసినా ఒప్పుకుంటారా? డైలాగ్ నోటితో చెప్పాల్సిందేనా, చీటీ మీద రాసి చూపించొచ్చా, వేరే భాషలోకి మార్చుకోవచ్చా? చివర పేర్లు పడేటప్పుడు వస్తే లెక్కలోకి వస్తుందా? ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగరు, తప్పకుండా అడగండి.

తెలుగులో తీసేవాళ్లకి ఇంకో ముఖ్యమైన సందేహం ఉంటుంది. చీటీలో 'వెళ్తున్నావు' అని ఉంటే మన ఆర్టిస్ట్ నోట్లో అది 'ఎల్తన్నావ్' అని వస్తుంది. యాస మారితే ఉన్నది ఉన్నట్టు చెప్పినట్టేనా కాదా? ఒకచోట పర్లేదంటారు, ఇంకోచోట అక్షరం పొల్లుపోకూడదంటారు. తెలియకపోతే అక్షరం పొల్లుపోకుండా చెప్పించడమే క్షేమం.

కథ, డైలాగులు లాంటి సృజన పని ఏదైనా గడియారం మొదలయ్యాకే చేయాలి. ఆర్టిస్టులని, లొకేషన్‌ని, కెమెరాని ముందే కుదుర్చుకోవడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. నేనైతే ఒక పట్టిక తయారు చేయిస్తాను: ఎవరికి ఏ భాషలు వచ్చు, ఎవరు ఈత కొట్టగలరు, ఎవరికి బండి నడపడం వచ్చు, ఎవరింట్లో ఏ వింత సామాన్లున్నాయి, ఏ గది ఎన్ని గంటలకి ఖాళీ. చీటీ విప్పాక ఈ పట్టికే మనకి సగం కథ చెబుతుంది.

చీటీ వచ్చాక మొదటి రెండు గంటలు

జానర్ గురించి ఇంకా మాట్లాడకండి. ముందు డైలాగ్‌ని పట్టుకోండి, ఎందుకంటే మూడింటిలో మనం మార్చలేనిది అదే. వస్తువుని ఎలా వాడాలో మన చేతిలో ఉంది, పాత్ర స్వభావం మన చేతిలో ఉంది, డైలాగ్‌లో ఒక్క అక్షరం కూడా మన చేతిలో లేదు.

దాన్ని పైకి చదవండి, అందరూ ఒక్కొక్కసారి. కోపంగా ఒకరు, బతిమాలుతూ ఒకరు, నిద్రమత్తులో ఒకరు. తెలుగు వాక్యంలో క్రియ చివర చూస్తే చాలు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో సగం తెలిసిపోతుంది. 'చెప్పు' అంటే చనువో, అధికారమో, పెద్దరికమో ఉంది. 'చెప్పండి' అంటే దూరమో, మర్యాదో, భయమో ఉంది. 'వచ్చింది' అని ఉంటే వచ్చింది మనిషా, పిల్లా, ఉత్తరమా, కుక్కా అన్నది మనం తేల్చుకోవచ్చు, ఆ ఒక్క మాటలోనే నాలుగు కథలకి చోటుంది. డైలాగ్ వేరే భాషలో ఇచ్చి తెలుగులోకి మార్చుకోమన్నారంటే 'నువ్వు' పెట్టాలా 'మీరు' పెట్టాలా అన్నది ఆ రాత్రి మీరు తీసుకునే అతి పెద్ద కథా నిర్ణయం, దాన్ని సబ్‌టైటిల్ రాసేవాళ్లకి వదిలేయకండి.

తర్వాత మొదటగా తట్టిన ఐడియాలన్నీ ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టేయండి. అవి చెడ్డవని కాదు, పక్క టీమ్‌కి కూడా అవే తట్టి ఉంటాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం, చీటీ నేను కల్పించినదే. పాత్ర: సుగుణ, అనువాదకురాలు. వస్తువు: నిచ్చెన. డైలాగ్: "ఇంకోసారి చెప్పు, ఈసారి మెల్లగా." జానర్: సస్పెన్స్.

అందరికీ ముందు తట్టేది, సుగుణ కావాలని తప్పుగా అనువదించి ఎవరినో మోసం చేయడం. నిచ్చెన ఏమో గోడకి ఆనించి ఉంటుంది, ఎవరో ఎక్కుతారు. ఆ కాగితం పక్కన పెట్టాం. ఇప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అనువాదకురాలు మాత్రమే చేయగలిగే తప్పు ఏంటి? నిచ్చెన ఉంటే ఏమవుతుంది అని అందరూ ఆలోచిస్తారు, మరి అది లేకపోతే ఏమవుతుంది? 'ఇంకోసారి చెప్పు' అని మనిషి ఎప్పుడంటాడు? అర్థం కానప్పుడు. అంటే అనువాదకురాలికి అర్థం కాని మాట ఒకటి ఉంది. ఏంటా మాట?

నిచ్చెన.

ఇక్కడ కథ ముడి పడింది. ఒక పిల్లాడు కనిపించడం లేదు. ఆ ఇంటి వాచ్‌మన్ మీద అనుమానం, అతనికి తెలుగు రాదు, సుగుణని పిలిపించారు. అతను ఏదో ఒకటే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడు. అది అతని యాసలో నిచ్చెనకి ఉన్న పేరు, సుగుణ నేర్చుకున్న భాషలో ఆ మాట లేదు. "ఇంకోసారి చెప్పు, ఈసారి మెల్లగా" అంటుంది విసుగ్గా, వయసులో పెద్దవాడైన మనిషిని ఏకవచనంలో. అతను చెబుతాడు. అర్థం కాలేదని ఒప్పుకోవడానికి అహం అడ్డొచ్చి ఆమె ఒక అర్థం ఊహించి చెప్పేస్తుంది, అందరూ ఇంకో దిక్కుకి పరుగెడతారు. వాచ్‌మన్ కాగితం లాక్కుని రెండు నిలువు గీతలు, మధ్యలో అడ్డగీతలు గీస్తాడు. డాబా మీద ఖాళీ నీళ్ల ట్యాంకు, దాని పక్కన కింద పడిపోయి ఉన్న నిచ్చెన. లోపల్నుంచి సన్నగా చప్పుడు.

చూడండి, ఒక గది, ఒక డాబా, నలుగురు మనుషులు. ట్యాంకు లోపలికి ఎవరినీ దించక్కర్లేదు, బయటినుంచి తట్టిన శబ్దం చాలు. వాచ్‌మన్ ఏ భాష మాట్లాడాలన్నది మన పట్టిక చెబుతుంది, టీమ్‌లో ఎవరికి ఏ భాష వస్తే అదే.

తీసేసి చూడండి

కథ కుదిరిందనిపించాక ఒక్కొక్క అంశాన్నీ తీసేసి కథ చెప్పి చూడండి. నిచ్చెన బదులు గొడుగు పెడితే కథ నడుస్తుందా? సుగుణ టీచర్ అయితే నడుస్తుందా? ఆ డైలాగ్ లేకపోతే? నడిచిందంటే ఆ అంశం ఇంకా పైపైనే ఉంది. పై కథలో నిచ్చెన తీస్తే పిల్లాడు దొరకడు, అనువాదం తీస్తే అసలు కథే లేదు. డైలాగ్ సంగతి ఏంటి? నిజం చెప్పాలంటే అది కొంచెం బలహీనంగా ఉంది, "ఏంటీ?" అన్నా సీన్ నడుస్తుంది. అందుకని దాన్ని రెండోసారి వాడదాం. చివర్లో సుగుణ వాచ్‌మన్ దగ్గరికి వెళ్లి ఆ మాట తప్పుగా పలుకుతుంది. అతను పలికి చూపిస్తాడు. ఆమె మళ్లీ అదే వాక్యం అంటుంది, ఈసారి నేర్చుకునే పిల్లలా. అక్షరాలు అవే, మనిషి మారింది. అక్కడ సీన్ పండుతుంది. 'చెప్పు' అన్న ఏకవచనం మొదట పొగరుగా వినిపించి చివరికి చనువుగా వినిపించాలి, ఆ బరువంతా నటి మీదే ఉంటుంది కాబట్టి సుగుణ వేషానికి మీ దగ్గరున్న అందరికంటే మంచి ఆర్టిస్ట్‌ని పెట్టండి.

మూడూ ఇంత బిగువుగా కుదరాలని రూలేం లేదు. రెండు బిగువుగా ఉండి మూడోది సహజంగా ఇమిడిపోతే చాలు. రాత్రి పదకొండు దాటినా కథ తేలకపోతే, ఉన్నవాటిలో తక్కువ లొకేషన్లు ఉన్నది తీసుకుని ముందుకెళ్లిపోండి. కథ కోసం శనివారం పొద్దున్న ఇచ్చేశారంటే ఎడిట్‌కి ఆదివారం మిగలదు.

జానర్ ఇప్పుడు చూడండి. ఇదే ముడిని కామెడీగానూ చెప్పొచ్చు, హారర్‌గానూ చెప్పొచ్చు. మారేది ప్రేక్షకుడికి ముందు ఏం తెలియాలి అన్నది మాత్రమే. ట్యాంకులో పిల్లాడున్నాడని మొదటి షాట్‌లోనే చూపించేస్తే సస్పెన్స్, చివరిదాకా దాస్తే మిస్టరీ.

సీన్ పేపర్ మీద గుర్తులు

సినిమా స్క్రిప్ట్ పద్ధతిలో రాస్తే పేజీకి దాదాపు ఒక నిమిషం వస్తుంది. 7 నిమిషాల పోటీకి 5 పేజీలు దాటకండి, మౌనాలకి కూడా సమయం కావాలి కదా. తప్పనిసరి అంశాలు వచ్చే ప్రతి లైన్‌నీ మూడు రంగుల్లో గీయండి. వాటిని సాధ్యమైనంతవరకు మొదటి, మధ్య భాగాల్లో కనీసం ఒక్కసారైనా పెట్టండి. మూడూ చివరి సీన్‌లోనే ఉన్నాయనుకోండి, ఆదివారం టైమ్ చాలక ఆ సీన్ కత్తిరించాల్సి వస్తే సినిమా మొత్తం పోతుంది. పాత్ర పేరు కనీసం రెండు చోట్ల ఉండాలి, ఒకసారి ఎవరైనా పిలవాలి, ఒకసారి కంటికి కనిపించాలి. ఆమె చేసే పని కూడా తెలియాలి, పేరు చెప్పి ఊరుకుంటే కుదరదు. అలాగని 'నేను సుగుణని, అనువాదకురాలిని' అని చెప్పించకండి, రెండు భాషల మధ్య కూర్చున్న మనిషిని చూపిస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

షూటింగ్ రోజు

ఒక మనిషికి ఇదే పని అప్పజెప్పండి. అసిస్టెంట్ డైరెక్టరో, కంటిన్యుటీ చూసేవాళ్లో ఎవరైనా సరే, వాళ్ల చేతిలో చీటీ ఫోటో ఉండాలి, మూడు అంశాలూ ఏ టేక్‌లో బాగా వచ్చాయో రాసుకోవాలి. డైరెక్టర్ ఈ పని పెట్టుకోకూడదు, ఆయన చూపు నటన మీద ఉంటుంది.

డైలాగ్ విషయంలో మా టీమ్‌కి తగిలిన దెబ్బ చెబుతాను. ఇచ్చిన వాక్యం చాలా చిన్నది, "నేను తలుపు వేయలేదు." మా నటుడు ఎమోషన్‌లో "నేను తలుపు వేయలేదు కదా" అన్నాడు. టేక్ అద్భుతంగా వచ్చింది, అందరం ఓకే అన్నాం, ఆ 'కదా' మాలో ఒక్కరి చెవికీ తగల్లేదు. ఎడిట్‌లో తెలిసింది, అదీ ఆదివారం మధ్యాహ్నం. 'కదా'ని కోసేద్దామని చూస్తే 'లేదు' చివర 'క' శబ్దం కలిసిపోయి ఉంది. నటుడు అప్పటికే రైలెక్కేశాడు. ఫోన్‌లో రికార్డ్ చేసి పంపమన్నాం, రైలు చప్పుడుతో వచ్చింది, అతని వీపు కనిపించే షాట్ మీద దాన్ని వేశాం. గండం గడిచింది కానీ సినిమాలో మా అందరికీ ఇష్టమైన క్లోజప్ పోయింది.

అప్పటినుంచి నేను పాటించేది ఇది. ఆ డైలాగ్ ఉన్న షాట్ ముందు అందరూ ఒకసారి చీటీ చూసి చదువుతారు. టేక్ అయ్యాక హెడ్‌ఫోన్స్‌లో వెనక్కి వేసి, చీటీ పక్కన పెట్టుకుని వింటాం. నటన కోసం ఎన్ని టేకులు తీసుకున్నా, పొల్లుపోని సాదా టేక్ ఒకటి విడిగా ఉంటుంది. తర్వాత కెమెరా ఆపేసి, ఆర్టిస్ట్‌కి మైక్ దగ్గరగా పెట్టి, గొంతు మాత్రమే నాలుగైదు సార్లు, వేర్వేరు భావాలతో రికార్డ్ చేస్తాం. వినేవాళ్ల ముఖం మీద ఒక రియాక్షన్ షాట్ కూడా తీసి పెట్టుకుంటే, ఎడిట్‌లో గొంతుని దాని మీద వేసుకోవచ్చు. ఇదంతా కలిపి పది నిమిషాలు పట్టదు.

వస్తువుకి ఇన్‌సర్ట్ షాట్ (అది ఒక్కటే దగ్గరగా కనిపించే షాట్) తీయండి, ఫోకస్ సరిగ్గా, కదలకుండా, ఐదు సెకన్లు. చీకటి సీన్‌లో అది సరిగ్గా కనిపించకపోతే ఈ షాట్ ఆదుకుంటుంది. ఎవరైనా దాన్ని ముట్టుకోవాలి, మోయాలి, విరగ్గొట్టాలి, చేయి తగిలితే వస్తువుకి ప్రాణం వస్తుంది. నిచ్చెన లాంటివి వాడేటప్పుడు కింద ఇద్దరు పట్టుకోకుండా ఎవరినీ ఎక్కనివ్వకండి, నిద్రలేని జనం అది.

ప్రతి లొకేషన్‌లోనూ వెళ్లిపోయే ముందు ముప్పై సెకన్లు అందరూ నోరు మూసుకుని నిలబడి రూమ్ టోన్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోట వినిపించే సన్నటి చప్పుడు, రికార్డ్ చేయండి. డైలాగ్ అతుకు వేయాల్సి వస్తే దాని కింద పరచడానికి ఇది లేకపోతే అతుకు వినిపిస్తుంది.

ఎడిట్‌లో జారిపోయే చోట్లు

షూటింగ్‌లో కాపాడుకున్నది ఎడిట్‌లో పోవడం చాలా మామూలు. నిడివి ఎక్కువైంది, వేగం పెంచాలి అని ఎడిటర్ వాక్యం మొదట్లో ఒక మాట కోసేస్తాడు. 'ఇంకోసారి' పోయి 'చెప్పు, ఈసారి మెల్లగా' మిగులుతుంది, తెల్లవారుజామున ఎవరూ గమనించరు. అందుకే టైమ్‌లైన్ మీద మూడు అంశాల దగ్గరా మార్కర్లు పెట్టి, వాటికి పేరు రాసి, అక్కడ ఏ మార్పు చేసినా ఇంకొకరికి చూపించాకే ముందుకెళ్లాలని ఒప్పందం చేసుకోండి.

రెండోది రీరికార్డింగ్, అంటే డైలాగ్, సంగీతం, శబ్దాలు కలిపే పని. ఎక్కువ టీమ్‌లు తమ కీలకమైన డైలాగ్‌ని క్లైమాక్స్‌లో పెడతాయి, సంగీతం గట్టిగా ఉండేది కూడా అక్కడే. హెడ్‌ఫోన్స్‌లో వినిపించేది హాల్లో వినిపించకపోవచ్చు. మామూలు ఫోన్ స్పీకర్‌లో, గదికి అవతలి మూల నించుని, కథ తెలియని ఒక మనిషిని వినమనండి. ఏం వినిపించిందో వాళ్లని రాయమనండి. రాసింది చీటీతో సరిపోతే మిక్స్ సరిగ్గా ఉన్నట్టు. సబ్‌టైటిల్స్ వేస్తుంటే ఆ వాక్యం వరకు చీటీలో ఇచ్చిన మాటలే వేయండి, సొంత అనువాదం వద్దు. సంగీతం మీరు కట్టినదో, వాడుకునే హక్కు కాగితం మీద ఉన్నదో మాత్రమే వాడండి, పాత్ర, వస్తువు, డైలాగ్ అన్నీ సరిగ్గా ఉండి పాట హక్కుల దగ్గర ఆగిపోతే చాలా బాధగా ఉంటుంది.

ఇచ్చే ముందు

గడువుకి కనీసం నాలుగు గంటల ముందు, సినిమా ఎలా ఉంటే అలా, ఒక పూర్తి ఎక్స్‌పోర్ట్ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టేయండి. రంగులు సరిచేయకపోయినా పర్లేదు, మూడు అంశాలూ ఉండాలి, నిడివి రూల్‌లో ఉండాలి. ఆ తర్వాత ఎంత మెరుగుపరుచుకున్నా ఒక కాపీ భద్రంగా ఉంటుంది. ఆఖరి గంటలో రెండర్ (కంప్యూటర్ ఆ ఫైల్ తయారుచేసే పని) 90 శాతం దగ్గర ఆగిపోయినప్పుడు టెన్షన్‌తో చేతులు ఆడవు, ఆ కాపీ ఉంటే ఆడతాయి. ఆలస్యంగా ఇచ్చిన సినిమాని తెర మీద వేసే పోటీలున్నాయి గానీ ముఖ్యమైన అవార్డులకి సాధారణంగా లెక్కించరు.

చివరి ఫైల్‌ని ఎడిట్ చేసిన కంప్యూటర్‌లో కాకుండా ఇంకో దాంట్లో మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి వేసి చూడండి. చూస్తూ ఒక కాగితం మీద రాయండి: పాత్ర పేరు వినిపించింది 1 నిమిషం 10 సెకన్ల దగ్గర, నిచ్చెన కనిపించింది 4:32, డైలాగ్ 2:05, మళ్లీ 6:20. ఆ కాగితాన్ని మీ ఫారాలతో పాటు తీసుకెళ్లండి, మాకు కనిపించలేదని ఎవరైనా అంటే అక్కడికక్కడే చూపించొచ్చు.